రసీదు

హైదరాబాద్ పక్కన శంషాబాద్ దగ్గర తొండుపల్లిలో ఒక బడి వరండాకు రంగు కాగితాల తోరణాలు కట్టారు. 2024 అక్టోబర్ ఆఖరి వారం. దీపావళి ఎల్లుండి. తోరణాలు పండక్కి కాదు, అవినీతి మీద పిల్లలకు పెట్టిన పోటీలకు.

సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పుట్టినరోజు అక్టోబర్ 31. ఆ తేదీ పడే వారంలో ఏటా కేంద్ర విజిలెన్స్ కమిషన్ దేశమంతటా విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు జరిపిస్తుంది. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు ముందు తమ ఉద్యోగుల చేత ప్రతిజ్ఞ చేయిస్తాయి. తర్వాత దగ్గర్లోని బడులకు వెళ్లి వ్యాసం, వక్తృత్వం, బొమ్మలు, నినాదాలు, నాటికల్లో పోటీలు పెడతాయి. శంషాబాద్ చుట్టుపక్కల ఇలాంటి సంస్థల ఆఫీసులు చాలానే ఉన్నాయి. వాటిల్లో ఒకటి ఆ ఏడు ఈ బడిని ఎంచుకుంది.

వచ్చింది ఇద్దరు. తల నెరిసిన విజిలెన్స్ అధికారి ఒకరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఒకడు. రిజిస్టరు, బహుమతుల కవర్లు, ప్రశంసాపత్రాలు కుర్రాడి సంచిలో ఉన్నాయి.

పొద్దున ప్రార్థన అయ్యాక బడి మొత్తం కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేసింది. లంచం ఇవ్వను, తీసుకోను, ఎక్కడైనా కనిపిస్తే తగినవాళ్లకు చెబుతాను. తలమీదుగా విమానం వెళ్లింది. మధ్యలో ఒక వాక్యం వినిపించలేదు. అధికారి ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పించాడు.

ఆరు, ఏడు తరగతులకు బొమ్మలు. బల్ల కింద చెయ్యి, కుర్చీకి చుట్టుకున్న పాము, ఒకవైపు ఒరిగిన త్రాసు. ఇవి ఏ ఊరి పిల్లలైనా వేస్తారు. ఆరో తరగతి పిల్లవాడు మాత్రం రన్‌వే మీద విమానం వేశాడు. విమానం నిండా మూటలు. చక్రాలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. కింద ఒక ముక్క రాశాడు: ‘లేస్తలేదు.’ దానికే మొదటి బహుమతి.

ఎనిమిదో తరగతికి నినాదాలు. అవి త్వరగా అయిపోయాయి.

తొమ్మిది, పది తరగతులకు వ్యాసం. ముప్పావు గంట సమయం. అవినీతి లేని సమాజం కోసం నేనేం చేస్తాను అన్నది అంశం. కాగితాలన్నీ స్టాఫ్‌రూమ్‌కు తెప్పించుకుని అధికారి తనే చదివాడు. మార్కులు వేసే పని ఆయన ఎప్పుడూ ఇంకొకరికి ఇవ్వడు. మొదటి వ్యాసం ‘అవినీతి క్యాన్సర్ వంటిది’ అని మొదలైంది. రెండోదీ అలాగే మొదలైంది. ఐదోదీ అంతే. ఆయన విసుక్కోలేదు. గైడులో వాక్యం పిల్లల తప్పు కాదు. దాన్ని దాటి ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకచోట పిల్ల సొంత మాట ఒకటి ఉంటుందని ఆయనకు తెలుసు. దానికోసమే చదువుతాడు.

ఒక కాగితంలో క్యాన్సర్ లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఒకటిన్నర పేజీ.

‘మా ఊరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుకు టోల్ గేట్ ఉంది. ఏ బండికి ఎంత అన్నది అక్కడ బోర్డు మీద రాసి ఉంటుంది. మా మామ డీసీఎం వ్యాను నడుపుతాడు. చిన్నప్పుడు నన్ను ముందు సీటులో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. డబ్బులు ఇస్తే వాళ్లు రసీదు ఇచ్చేవారు. రసీదు మీద తారీఖు, టైము, బండి రకం, ఎంత కట్టామో అన్నీ ఉంటాయి. మంత్రి గారి డ్రైవరైనా, మా మామైనా ఆ కాగితం ఒక్క తీరే ఉంటుందని నేను అనుకునేదాన్ని. ఆ రసీదులు నేను దాచుకునేదాన్ని.

‘ఆఫీసులో కూడా బోర్డు ఉంటుంది. ఏ కాగితానికి ఎంత ఫీజు, ఎన్ని రోజులు అన్నది రాసి ఉంటుంది. ఫీజు కడితే రసీదు కూడా ఇస్తారు. కానీ అక్కడ ఇంకో రకం డబ్బు ఉంది. దానికి బోర్డు ఉండదు. రసీదు ఉండదు. ఎంతో ఎవరూ చెప్పరు. ఇచ్చేవాళ్లే తెలుసుకోవాలి. తక్కువైతే కూడా చెప్పరు. కాగితం కదలదు, అంతే.

‘అందుకని నేను ఏం చేస్తానంటే, ఏ డబ్బుకైనా రసీదు అడుగుతాను. రసీదు ఇచ్చే డబ్బు ఇస్తాను. రసీదు ఇవ్వని డబ్బు ఎవరూ అడగకూడదు. ఎవరూ ఇవ్వకూడదు. అందరూ రసీదు అడిగితే ఆ రెండో రకం డబ్బు ఆగిపోతుంది.’

అధికారి రెండుసార్లు చదివాడు. ఆయన చేసే ఉద్యోగానికి మూలం పాతది. 1962లో లాల్ బహదూర్ శాస్త్రి హోం మంత్రిగా ఉన్నప్పుడు అవినీతిని అరికట్టే మార్గాలు చెప్పమని కె.సంతానం అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పినదాన్ని బట్టే 1964లో విజిలెన్స్ కమిషన్ పుట్టింది. పని ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో, ఎవరికీ తెలియకుండా ఆపే వీలు ఎవరి చేతిలో ఉందో వెతికి ఆ వీలు తీసేయడం ఆయన ఉద్యోగంలో ముఖ్యమైన పని. నివారణ విజిలెన్స్ అంటారు. ముప్పై ఏళ్లుగా నోట్ ఫైళ్లలో ఆయన రాస్తూ వచ్చింది ఈ పిల్ల ఒకటిన్నర పేజీలో రాసింది.

‘ఈ అమ్మాయి ఎవరు?’ అని తెలుగు టీచరును అడిగాడు.

తండ్రి ఆటో నడిపేవాడు. మూడేళ్ల కింద హైవే మీద ప్రమాదంలో పోయాడు. తల్లి విమానాశ్రయం రోడ్డులో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతుంది. ఒక్కతే కూతురు. తెలివైన పిల్ల. ఆ ఏడు మాత్రం బడికి చాలాసార్లు రాలేదు. హాజరుపట్టీలో చూస్తే మానినవి ఎక్కువగా సోమవారాలు. టీచరు పిలిచి మందలిస్తే, సోమవారం ప్రజావాణి ఉంటుందని చెప్పింది. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. తల్లికి చదువు అంతంతమాత్రం. కాగితం మీద ఏముందో చదివి చెప్పడానికి పిల్లను వెంట తీసుకుపోయేది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, ఆదాయం పత్రం, ఆఖరుకు ఆసరా పింఛను. నెలకు 2,016 రూపాయలు. వచ్చింది.

‘ఎట్లా వచ్చిందో నేను అడగలేదు సార్,’ అంది టీచరు.

అధికారి కాగితం పైన ‘1’ అని రాసి గుండ్రం చుట్టాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలంతా వరండాలో కూర్చున్నారు. ముందు నాటిక. నాటిక అంటే మాటలు రాసిచ్చేది కాదు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వాళ్లు లంచగొండిని ఎలా పట్టుకుంటారో పిల్లలతోనే చేయించి చూపించడం. సైన్సు టీచరు ల్యాబ్ నుంచి రెండు గాజు గ్లాసులు, ఫినాఫ్తలీన్ పొడి, సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీళ్లకు రంగు లేదు. పొడి తెల్లగా ఉంది. అధికారి తన జేబులోంచి 500 రూపాయల నోటు తీసి దానికి పొడి పట్టించాడు. నోటు మామూలుగానే ఉంది.

‘ఏసీబీ ఆఫీసరు ఎవరవుతారు?’

వరండా నిండా చేతులు లేచాయి.

‘లంచం తీసుకునే గుమాస్తా?’

ఒక్క చెయ్యీ లేవలేదు. అధికారి నవ్వలేదు. ఎందుకని అడిగాడు. ముందు వరసలోని పిల్లవాడు లేచి చెప్పాడు.

‘రేపటి సంది అందరు నన్ను గదే పేరు పెట్టి పిలుస్తరు సార్.’

‘ఈ సిగ్గు పెద్దయ్యాక కూడా ఉంచుకో నాయనా,’ అన్నాడు అధికారి. మైకులోనే అన్నాడు. ఏ పోటీ ఫలితం కంటే ఆ జవాబు ఆయనకు ఎక్కువ నచ్చినట్టు కనిపించింది.

చివరికి పదో తరగతి పొడుగు కుర్రాడొకడు ఒప్పుకున్నాడు. ఇది నాటకమని ముందే మైకులో చెప్పాలని షరతు పెట్టాడు. చెప్పారు. అర్జీ పెట్టుకునే మనిషిగా వ్యాసం రాసిన అమ్మాయిని పిలిచారు. పొడి పట్టించిన నోటు, ఒక అట్ట ఫైలు, అందులో రెండు కాగితాలు చేతికిచ్చారు. ఏం మాట్లాడాలో చెప్పలేదు. నీకు తోచినట్టు చెయ్యమన్నారు.

అధికారి ఈ నాటిక చాలా బడుల్లో వేయించాడు. పిల్లలు నోటును అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుంటారు. గట్టిగా బేరమాడతారు. గుమాస్తా వేషంవాడు కళ్లు పెద్దవి చేసి మీసం తిప్పుతాడు. చూసేవాళ్లు నవ్వుతారు.

ఈ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ ఉంది, కూర్చోలేదు. నోటును నిలువుగా మడిచింది. అడ్డంగా మడిచింది. మళ్లీ మడిచింది. బొటనవేలంత అయింది. ఫైలు తెరిచి రెండో కాగితం కింద పెట్టింది. ఒక మూల మాత్రం కొంచెం బయటికి కనిపించేలా సర్దింది. ఫైలు మూసి రెండు చేతులతో ముందుకు జరిపింది. కుర్రాడి ముఖం చూడలేదు. పక్కకు చూస్తూ అంది.

‘జర చూడుండ్రి సార్.’

అంతే. ఇంకో మాట లేదు. కుర్రాడు అనాల్సిన మాటలు మరిచిపోయాడు. ఫైలు తెరిచి, మూల పట్టుకుని నోటు లాగి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. తెలుగు టీచరు తల దించుకుంది.

ఏసీబీ పిల్లలు ఈలవేసి దూకారు. అప్పుడు నవ్వులు వచ్చాయి. కుర్రాడి వేళ్లు గ్లాసులో ముంచారు. రంగులేని నీళ్లు గులాబీ రంగుకు మారాయి. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. అదెలా మారిందో సైన్సు టీచరు చెప్పాడు. పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠంలో ఉన్నదే. క్షారం తగిలితే ఫినాఫ్తలీన్ రంగు మారుతుంది. సబ్బుతో కడుక్కోకపోతే వేళ్లకు అంటిన పొడి పోదు.

‘ఇప్పుడు నీ చెయ్యి,’ అన్నాడు అధికారి అమ్మాయితో.

రెండో గ్లాసులో వేళ్లు పెట్టింది. ఆ నీళ్లూ గులాబీ రంగుకు మారాయి. ఈసారి చప్పట్లు లేవు.

అధికారి రెండు గ్లాసులూ ఎత్తి పక్కపక్కన పెట్టాడు. నిజంగా ఏసీబీకి ముందే చెప్పి వలపన్నడానికి ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని మొదట చెప్పాడు. తర్వాత చట్టం చెప్పాడు. అవినీతి నిరోధక చట్టం 1988లో వచ్చింది. తీసుకున్న ఉద్యోగికి కనీసం మూడేళ్లు, ఏడేళ్ల వరకు జైలు. 2018లో సవరించాక ఇవ్వడం కూడా విడిగా నేరం. దానికీ ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అయితే బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే, ఏడు రోజుల లోపల పోలీసులకో ఏసీబీకో చెప్పుకుంటే ఇచ్చినవాళ్లకు శిక్ష లేదు. తెలంగాణ ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. పిల్లల చేత ఆ నంబరు మూడుసార్లు అనిపించాడు.

‘ప్రశ్నలుంటే అడగండి.’

అమ్మాయి ఇంకా బల్ల దగ్గరే ఉంది. తడి వేళ్లు గౌనుకు తుడుచుకుంటూ అడిగింది.

‘వారం లోపు చెప్పాలె అంటున్నరు గద సార్. వారం దాటినోళ్లు ఏం జెయ్యాలె?’

ఈ ఒక్క ప్రశ్న కోసం అన్ని పోటీలూ పెట్టినా తక్కువే. అధికారి వెంటనే జవాబు చెప్పలేదు. మైకు పక్కన పెట్టాడు. అమ్మాయికి వినిపించేంత దగ్గరికి వచ్చాడు.

‘ఆ వారం గడువు ఇచ్చినవాళ్ల కోసం పెట్టింది తల్లీ. తీసుకున్నవాడి తప్పు వారం దాటితే పోదు. అందుకని ఎన్నాళ్లైనా చెప్పాలి. చెప్పేటప్పుడు భయమైతే ఎవరైనా పెద్దవాళ్లను తోడు తీసుకుపోవాలి. మీ టీచరమ్మ ఉన్నారు. నేనున్నాను. కాగితం మీద నా నంబరు రాసిస్తాను.’

రాసిచ్చాడు. అమ్మాయి దాన్ని మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

తర్వాత బహుమతులు. బొమ్మలవాళ్లు, నినాదాలవాళ్లు వచ్చి తీసుకున్నారు. వ్యాసానికి మొదటి బహుమతి ప్రకటించేముందు ఆ వ్యాసాన్ని అధికారి పూర్తిగా మైకులో చదివాడు. రసీదుల దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లోని పెద్ద పిల్లలు కూడా మాటలాపారు. చదవడం అయ్యాక ఆయన ఒక పని చెప్పాడు. బడుల్లో ఇంటిగ్రిటీ క్లబ్బులు పెట్టుకొమ్మని కమిషన్ చెబుతుంది. ఈ బడి క్లబ్బు మొదటి పనిగా, ఊళ్లోవాళ్లకు అవసరమయ్యే ప్రతి పత్రానికి అసలు ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్నది సిటిజన్ చార్టర్లు చూసి రాసి బడి గోడకు అతికించాలి. ఇంటికి వెళ్లి అమ్మానాన్నలకు చదివి వినిపించాలి. పత్రం తెచ్చుకునే ఏ ఇంటివాళ్లైనా ఆ గోడ చూసే వెళ్లాలి. పిల్లలు చెయ్యగలిగింది ఇది. పెద్దవాళ్లు తామై చెయ్యని పని కూడా ఇదే.

ప్రశంసాపత్రం ఇస్తూ ఇంకొకటి చెప్పాడు. ఊరి పక్క బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల దాకా పోయి పక్కకు తిరిగితే మహబూబ్‌నగర్ వస్తుంది. 2019 ఆగస్టు 15న అక్కడ ఒక కానిస్టేబుల్ ఉత్తమ సేవలకు అవార్డు అందుకున్నాడు. మర్నాడే 17 వేల రూపాయల లంచం తీసుకుంటూ ఏసీబీకి పట్టుబడ్డాడు. బహుమతి రేపటి పనికి హామీ కాదని పిల్లలకు ఇప్పుడే తెలియాలి అనిపించి చెప్పాడు. అమ్మాయి శ్రద్ధగా వింది. పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

నగదు బహుమతి మాత్రం ఆమె చేతికివ్వలేదు. రెండు వేల రూపాయలు. నాలుగు 500 నోట్లు. పిల్లలకు నగదు ఇస్తే ఇంటి పెద్దవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలని ఆ సంస్థ నియమం. మంచి నియమమే. తల్లికి టీచరు ఫోన్ చేసింది. హోటల్లో డ్యూటీ మూడింటికి దిగుతుందట. దిగి వస్తానంది.

ఆమె వచ్చేసరికి సభ అయిపోయింది. చీర మీద హోటల్ వాళ్లిచ్చిన కాఫీరంగు కోటు అలాగే ఉంది. కోటు జేబులకు నీళ్ల మరకలు. నడిచి వచ్చిందేమో, ముఖం నిండా చెమట. గేటు దగ్గర చెప్పులు విడవబోతే వాచ్‌మన్ వద్దన్నాడు. వరండాకు ఆ చివర పిల్లలందరినీ బ్యానర్ వెనక నిలబెట్టి ఫొటో తీస్తున్నారు. కూతురు మధ్యలో ఉంది. తల్లిని చూసి పత్రం ఊపింది. తల్లి చెయ్యి ఊపలేదు. ముందు బల్ల ఎక్కడుందో చూసుకుంది.

ఈ చివర బల్ల వెనక అధికారితో వచ్చిన కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ముందు రిజిస్టరు. పక్కన స్టాంపు ప్యాడు, రబ్బరు ముద్ర. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

‘కూర్చోండమ్మా. మీ అమ్మాయి చాలా బాగా రాసింది.’

‘మంచిది సార్,’ అంది. కూర్చోలేదు.

రిజిస్టరు తిప్పి వేలితో చోటు చూపించాడు. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని పేరు రాసింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి రాసింది. వేలిముద్ర వేసేది కాదు. కూతురు నేర్పింది. కుర్రాడు ఆమె పూర్తి చేసేదాకా ఆగి, పక్కన ముద్ర కొట్టి, తేదీ వేసి, కవరు అందించాడు.

‘లెక్క చూసుకోండమ్మా.’

ఆమె కవరు తెరిచింది. నాలుగు నోట్లు లెక్కపెట్టింది. మూడు మళ్లీ కవర్లో పెట్టింది. నాలుగో నోటును నిలువుగా మడిచింది. అడ్డంగా మడిచింది. మళ్లీ మడిచింది. రిజిస్టరులో పై కాగితం కొంచెం ఎత్తి దాని కింద పెట్టింది. ఒక మూల బయటికి కనిపించేలా సర్దింది. రిజిస్టరును రెండు చేతులతో కుర్రాడి వైపు జరిపింది. పక్కకు చూస్తూ నిలబడింది.

కుర్రాడికి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

‘ఇదేంటమ్మా?’

ఆమె ముఖం మారింది. తక్కువైందనుకుంది. కొంగు ముడి విప్పింది. అందులో ఒక 200 నోటు, కొంత చిల్లర ఉన్నాయి. 200 నోటు తీసి మొదటిదానికి ఆనించి పెట్టింది. చిల్లర చూసుకుంది. బస్సుకు ఉంచుకోవాలో వద్దో తేల్చుకోలేక చేతిలోనే పట్టుకుంది.

కుర్రాడు గొంతు పెంచలేదు. పెంచితే నలుగురూ ఇటు చూస్తారు, కూతురి ముందు ఆమె చిన్నబోతుంది. రెండు నోట్లూ తీసి ఆమె వైపు జరిపాడు. మెల్లగా, అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాడు.

‘అట్లా తీసుకోవడానికి వీల్లేదమ్మా. మా దగ్గర ప్రతి రూపాయికీ లెక్క చూపించాలి.’

ఆమె ముఖం తేటపడింది. అటూ ఇటూ చూసింది. బల్ల మీదికి కొంచెం వంగి గొంతు తగ్గించింది.

‘రసీదొద్దు సార్.’